ట్రస్టు లెక్కలకు ఈ ఆడిటర్ ఆఫీసు: నాలుగు స్టార్లు

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందు, మేడ మీద ఆఫీసు. పేదపిల్లల ఫీజులు కట్టే ఓ చిన్న ట్రస్టుకు నేను కార్యదర్శిని. ఇక్కడికి రావడానికి కారణం ఒక బ్యాంకు కౌంటరు. మా జకాత్ (ముస్లింలు పేదలకు తప్పక తీసివ్వాల్సిన దానం) డబ్బు ఎవరెవరికి పోతుందో పేర్లతో సహా రాసివ్వమన్నారు. నా ముందున్న అన్నదానం ట్రస్టాయనను మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఆడిటర్ గారు ముందు మా ట్రస్టు డీడ్ తీసి చదివారు. ‘పేద ముస్లిం విద్యార్థులకు’ అన్నచోట పెన్సిలు పెట్టి, "భాయ్, ఒక మతంవాళ్లకే అని రాస్తే పన్ను మినహాయింపు రాదు. ఎవరి ట్రస్టుకైనా ఇదే రూలు" అన్నారు. సవరణ ఆయనే దగ్గరుండి చేయించారు. చట్టంలో అందరికీ ఒకటే. తేడా అంతా అడిగేవాళ్ల దగ్గరే.

డల్లాస్‌లో ఉన్న మా బామ్మర్ది విరాళం సంగతి ఎత్తితే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగారు. భారత పౌరుడు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కులేదట. అమెరికా పౌరుడైతే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషను, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. మావాడిది ఇంకా మన పాస్‌పోర్టే. కానీ రసీదులో పేరు వద్దంటాడు. వాడి భయం వాడిది. అమెరికా ప్రభుత్వం 2006లో ఒహాయోలోని కైండ్‌హార్ట్స్ అనే ముస్లిం ధార్మిక సంస్థ ఖాతాలను విచారణ పేరుతో స్తంభింపజేశారు. అది రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ జడ్జి తేల్చేసరికి 2009 వచ్చింది. జకాత్ ఇవ్వడానికే జనం జంకుతున్నారని అక్కడి పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ అదే ఏడాది నివేదిక ఇచ్చింది. ఇక వాణ్ని ఏమని ఒప్పించను? పేరు లేని విరాళం పరిమితి దాటితే ఇక్కడ 30 శాతం పన్ను. చివరికి వాడు ఒక పిల్లాడి కాలేజీకే నేరుగా కడుతున్నాడు, మా ఖాతాకు రూపాయి రాదు.

ఒక స్టార్ తగ్గించింది జూనియర్ వల్ల. ఫీజు రసీదు పట్టుకుని నిలబడ్డ ప్రతి పిల్లాడి ఫొటో ఫైల్లో పెట్టమన్నాడు, "రేపెవరైనా అడిగితే" అని. పిల్లల్ని సాక్ష్యాలుగా నిలబెట్టనన్నాను. ఆడిటర్ గారు నా మాటే నిలబెట్టారు, కాలేజీ రసీదులు చాలన్నారు.

ఫీజు ఎంతో ముందే చెబుతారు, బిల్లు ఇస్తారు. మెట్లు నిటారు, లిఫ్టు లేదు. పన్ను శాఖకు విరాళాల వివరాలిచ్చే ఫారానికి గడువు మే 31 కాబట్టి ఆ వారంలో పోతే కూర్చోడానికి కుర్చీ కూడా దొరకదు.