ముందు ప్రశ్నలు, తర్వాత ప్యాసేజీ: మూడేళ్లు వాడి చూశాక

మా వాడు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పరీక్షలో చదివి ప్రశ్నలకు జవాబులు రాయాల్సిన ఇంగ్లీషు ప్యాసేజీల కోసం ఒక పద్ధతి పట్టుకున్నాం. ముందు ప్రశ్నలు చదవడం, వాటిలో ముఖ్యమైన మాటల కింద పెన్సిలుతో గీత గీయడం, ఆ తర్వాతే ప్యాసేజీలోకి దిగడం. ఏ ట్యూషన్‌లోనైనా చెప్పేదే. మొన్న పదో తరగతి పరీక్షలు ముగిసేదాకా అదే వాడాం. దాన్ని నెత్తిన పెట్టుకున్నదీ నేనే, ఇప్పుడు తిడుతున్నదీ నేనే.

ప్రీబోర్డులో, అంటే బోర్డు పరీక్షల ముందు బడిలో పెట్టే నమూనా పరీక్షలో, ఒక చెరువు గురించిన ప్యాసేజీ వచ్చింది. రచయిత దృష్టిలో ఆ చెరువు ఎందుకు ఎండిపోయింది అన్నది ప్రశ్న. మా వాడు ‘ఎండిపోవడం’ అన్న మాట కింద గీత గీసుకుని దాని కోసం వేటకు బయలుదేరాడు. మొదటి పేరాలోనే దొరికింది: వానలు లేక ఎండిపోయిందని ఊళ్లో వాళ్లు అనుకునేవారట. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. మూడో పేరా ‘హౌఎవర్’ (అయితే) అని మొదలవుతుంది. వానలు ఎప్పటిలాగే పడ్డాయని, చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువను పూడ్చి ఇళ్లు కట్టేశారని రచయిత చెప్పింది అక్కడ. ఆ పేరాలో ‘ఎండిపోవడం’ అన్న మాటే లేదు.

“అమ్మా, నేను రాసింది ప్యాసేజీలో ఉంది కదా, మార్కు ఎందుకు ఇవ్వలేదు?” అని పేపరు చూపిస్తూ నాతో వాదించాడు. ఉంది, నిజమే. ఊళ్లో వాళ్ల నోట ఉంది. రచయిత ధోరణి ఏమిటన్న ప్రశ్నకూ తప్పే రాశాడు. అది ఏ ఒక్క వాక్యంలోనూ దొరికేది కాదు మరి, గీత గీయడానికి.

ఆ రాత్రి పాత పేపర్లన్నీ ముందేసుకున్నాను. పోయిన మార్కుల్లో చాలావరకు ఇదే వరస, ముందు కంటపడిన మాట దగ్గరే ఆగిపోవడం. (‘దాదాపు లేదు’ అనే అర్థమున్న ‘హార్డ్లీ’ని ‘కష్టపడి’ అని చదివినవి రెండున్నాయి. వాటికి ఏ పద్ధతీ మందు కాదు.)

వాడు తొమ్మిదిలో ఉండగా “అరగంట పని ఇరవై నిమిషాల్లో అయిపోతోంది” అని మా చెల్లెలికి ఫోనులో గొప్పలు చెప్పాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీషు పేపరు 80 మార్కుల్లో 20 ఇలాంటి రెండు ప్యాసేజీలవే, చెరి 10. రెండోదాంట్లో అంకెలో, పట్టికో, గ్రాఫో ఉంటుంది. ఏ వరుసలో ఏ అంకె వెతకాలో ముందే తెలిస్తే దాని పని ఇట్టే అయిపోతుంది. ఫలానా పేరాలో ఈ అర్థం వచ్చే మాట ఏది అనే ప్రశ్నకూ అంతే. నేను మెచ్చుకున్న వేగమంతా అక్కడిదే. దాదాపు 400 మాటల్లో ఒక వాదన నడిచే మొదటి ప్యాసేజీలో మాత్రం, మిగుల్చుకున్న నిమిషాలకు మార్కులు చెల్లించాం.

కలిసొచ్చింది పరీక్ష హాల్లోని మొదటి 15 నిమిషాలు. పేపరు 10:15కు ఇస్తారు, 10:30 దాకా జవాబులు రాయకూడదు. రెండో ప్రీబోర్డులో ఇన్విజిలేటరు పెన్నూ పెన్సిలూ బల్ల మీద పెట్టించారట. చేతిలో ఏమీ లేక, వేరే పని తోచక, మా వాడు ప్యాసేజీని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఆసారి ధోరణి ప్రశ్నకు సరిగ్గా రాశాడు. పెన్సిలే దొంగ అని అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి ఇంట్లోనూ ప్రశ్నలు ఒకసారి చూడటం, పెన్సిలు పక్కన పెట్టి మొత్తం చదవడం, ‘బట్’, ‘హౌఎవర్’ కనబడితే ఒక్క క్షణం ఆగడం, గీతలు ఆఖర్న.

మరొకరికి చెప్పమంటే వెనకాడతాను. మా వాడు ఐదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాడు. ఏం వెతకాలో తెలియకుండా అంత పెద్ద ప్యాసేజీలోకి దిగితే సగంలోనే బెంబేలెత్తిపోయేవాడు. పక్కింటి అమ్మాయి కథల పుస్తకాలు నమిలేస్తుంది, నేరుగా చదివి రాసేస్తుంది, తనకు ఇవేవీ అక్కర్లేదు. మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి. దానికి ఏది ముందు నేర్పాలో తేల్చుకోలేదు. ప్రస్తుతానికి పెన్సిలు మాత్రం ఇవ్వడం లేదు.