ఒక సీటా, రెండు సీట్లా?

పెద్ద నాయకుడు రెండు చోట్ల పోటీ చేయాలా అన్న ప్రశ్న ప్రతి ఎన్నికలకీ వస్తుంది.

ఖర్చు: అసెంబ్లీకి డిపాజిట్ 10,000, రెండైతే 20,000, అది చిన్న విషయమే. అసలు భారం ప్రచారానిది, ఎందుకంటే మనిషి ఒక్కడే.

రిస్క్: 2009లో చిరంజీవి సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడినా తిరుపతి ఆదుకుంది, 2023లో కేసీఆర్‌కి కామారెడ్డి పోయి గజ్వేల్ నిలిచింది. కానీ పవన్ కల్యాణ్ 2019లో గాజువాక, భీమవరం రెండూ ఓడి, 2024లో పిఠాపురం ఒక్కటే నమ్ముకుని గెలిచారు.

రెండూ గెలిస్తే ఒకటి వదలాలి, ఉపఎన్నిక ఖర్చు జనానిదే, నాకు బాధ కలిగించేది ఇదే.

రాష్ట్రమంతా తిరగాల్సిన పార్టీ అధినేతకు రెండో సీటు అర్థం చేసుకోవచ్చు. మిగతావాళ్లకు ఒక్కటే మేలు, ఊరూరా తిరిగే టైమ్ దొరుకుతుంది.