ఆటు వేళ తెలియని ప్యాకేజీ

హనుమకొండ చౌరస్తా దగ్గరి ట్రావెల్స్ యజమానికి ముందే చెప్పాను: "బాబూ, బీచ్‌లు తగ్గినా ఫరవాలేదు, అండమాన్‌లో మడ అడవిని మాత్రం తీరిగ్గా చూడాలి." ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల ఊతవేర్లు, గాలి పీల్చే శ్వాసవేర్లు బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు గానీ, కళ్లతో చూసింది లేదు. వరంగల్ వాళ్లం, చెరువులు తప్ప ఉప్పునీళ్లు మనకెక్కడివి? ఆయన శ్రద్ధగా తల ఊపి, మనిషికి 36,500 రూపాయల ప్యాకేజీ మీద "మడ అడవుల ప్రత్యేక పర్యటన" అని ఇంకో 3,800 రాసుకున్నాడు. నేను, మా ఆవిడ, తోడల్లుడు, మరదలు వెరసి నలుగురం.

వరంగల్‌లో రైలు, చెన్నైలో విమానం, పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) గది. ఇబ్బందేమీ లేదు.

ఆ ప్రత్యేక పర్యటన బారాటాంగ్ దీవికి. జిర్కాటాంగ్ దగ్గర ఆరు గంటల కాన్వాయ్ అందుకోవాలని రాత్రి రెండున్నరకే లేపారు. జారవా ఆదివాసుల అడవి గుండా వాహనాలు బారుగా వెళ్తాయి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ నియమం న్యాయమైనదే. తరువాత స్పీడ్ బోటు. కొమ్మలు రెండు వైపులా కలిసి పందిరి వేసిన పాయలోకి తిరగ్గానే నా గుండె ఆగినంత పనైంది. అండమాన్ నికోబార్‌లో ముప్పైకి పైగా మడ జాతులున్నాయి, నాలుగైదైనా గుర్తుపడదామని నోటు పుస్తకం తీశాను. బోటు ఆగలేదు. "సున్నపురాయి గుహలు చూసి కాన్వాయ్‌కు తిరిగి రావాలి సార్" అన్నాడు బోటువాడు. పైగా అప్పుడు పోటు. వేర్లన్నీ నీళ్లలో మునిగి, పైన పచ్చటి ఆకులే కనిపిస్తున్నాయి. ఆ ఆకులు చూడటానికి అంత దూరం ఎందుకని తోడల్లుడు అడగనే అడిగాడు: "అన్నయ్యా, పాకాల చెరువు గట్టున చెట్లు లేవా?" పక్క సీట్లలోని విజయనగరం కుటుంబం ఏ ప్రత్యేక రుసుమూ లేకుండా అదే బోటులో కూర్చుందని తెలిశాక ఆయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు ప్యాకేజీ మానేసి, రానూపోనూ 700 రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ తెలుగువాడే, తాతగారు సోంపేట నుంచి వచ్చారట. "మడలు చూడాలంటే ఆటు వేళకు రావాలి సార్" అని పదకొండు దాటాక ఊరి దగ్గరి సిప్పీఘాట్ తీసుకెళ్లాడు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఇక్కడి నేల కుంగింది. వరి పొలాల్లోకి వచ్చిన సముద్రపు నీళ్లు మళ్లీ పోలేదు. ఉత్తర అండమాన్‌లో అదే రోజు నేల పైకి లేచి, పోటు నీరు అందక మడలు ఎండిపోయాయి. ఇక్కడ ఎన్నో మడలు మునిగి చచ్చాయి, అక్కడ దాహంతో. నేల ఎత్తులో అడుగు తేడాకే జాతి జాతికీ చోటు మారిపోయే చెట్లు మరి!

నీళ్లు తీసిన బురదలో పెన్సిళ్లు గుచ్చినట్లు నల్లమడ శ్వాసవేర్లు. కాస్త అవతల గొడుగు ఊచల్లా వంగిన ఊతవేర్ల మీద ఉప్పుపొన్న. దాని కాయ చెట్టు మీదుండగానే మొలకెత్తి మునగకాయలా వేలాడుతోంది. నేను చూస్తుండగానే ఒకటి ఊడి, టప్పున బురదలో నిలువునా దిగబడింది. ముప్పై ఒక్క ఏళ్ల పాఠం ఒక్క క్షణంలో అయిపోయింది. నల్లమడ ఆకు మీది తెల్లటి పొడి నాలుకకు రాసుకుని "ఉప్పే!" అంది మా ఆవిడ. తిల్ల చెట్టు దగ్గర మాత్రం నేను ఎవరినీ చేతులు పెట్టనివ్వలేదు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. అలిగిన తోడల్లుడు కూడా ప్యాంటు మడిచి దిగాడు, ఒక చెప్పు బురదకు సమర్పించుకున్నాడు.

వెళ్లేవాళ్లు జెట్టీలో ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. బారాటాంగ్ వెళ్లవద్దనను, గుహల కోసం వెళ్లండి. మడల కోసమని ఎవరైనా అదనంగా అడిగితే పైసా ఇవ్వకండి.

తిరిగొచ్చి చౌరస్తాకు రెండుసార్లు తిరిగాను. "మడ అడవి చూపించాం కదా సార్, ఫొటోలు కూడా వచ్చాయి" అన్నాడాయన. పోటు, ఆటు అంటే ఏమిటో అరగంట చెప్పాను. చివరికి నలుగురి 15,200లో 6,000 చేతిలో పెట్టాడు. అందులోంచి ముందుగా తోడల్లుడికి చెప్పులు కొన్నాను, 450.