వాషింగ్టన్ రాష్ట్రంలో కౌన్సిల్ సభ్యులకు, కౌంటీ సిబ్బందికి ఎంఆర్‌ఎస్‌సీ ఎంతవరకు అక్కరకొస్తుంది

అమెరికాలో స్థానిక ప్రభుత్వాల్లో పనిచేసేవాళ్లకు వార్తలకేం కొదవ లేదు. నగరాలకు నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్ ఉంది, కౌంటీలకు నాకో ఉంది, సిటీ మేనేజర్లకు ఐసీఎంఏ ఉంది. అన్నీ చదవదగ్గవే. కానీ మంగళవారం రాత్రి సమావేశానికి అజెండా సిద్ధం చేసే క్లర్కుకో, మొదటిసారి గెలిచిన కౌన్సిల్ సభ్యుడికో కావాల్సింది దేశంలో ఏం జరుగుతోందన్న కబురు కాదు. ‘మన రాష్ట్ర చట్టం ప్రకారం రేపు ఏం చెయ్యాలి, ఎన్ని గంటల ముందు చెయ్యాలి, ఏ సెక్షన్ కింద చెయ్యాలి’ అన్నది కావాలి. వాషింగ్టన్ రాష్ట్రం వరకు ఆ జవాబు దొరికే చోటు ఎంఆర్‌ఎస్‌సీ. పూర్తి పేరు మునిసిపల్ రీసెర్చ్ అండ్ సర్వీసెస్ సెంటర్. ఏళ్ల తరబడి వాడుతున్నాను, ఏ పని మొదలుపెట్టినా ముందు తెరిచేది దీన్నే.

1934లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఒక పరిశోధన విభాగంగా మొదలై, తర్వాత సియాటిల్‌లో లాభాపేక్ష లేని సంస్థగా నిలబడింది. రాష్ట్రంలోని 281 నగరాలు, పట్టణాలు, 39 కౌంటీలు, వాటితోపాటు నీటి, అగ్నిమాపక డిస్ట్రిక్టుల్లాంటివి దీని సేవ పొందుతాయి. విషయాలవారీగా పెట్టిన పేజీలు ఎవరైనా చదువుకోవచ్చు. రెడ్‌మండ్, బోథెల్, సమామిష్ లాంటి ఊళ్లలో ప్లానింగ్ కమిషన్‌లోనో పార్కుల బోర్డులోనో చేరాలనుకునే మనవాళ్లు దరఖాస్తు పెట్టకముందే వీటిని చదవడం మంచిది.

ఈ పేజీల విలువ తెలియాలంటే బహిరంగ సమావేశాల చట్టం దగ్గర చూడాలి. ఆర్‌సీడబ్ల్యూ (వాషింగ్టన్ రాష్ట్ర చట్టాల సంపుటి) 42.30 మొత్తాన్ని పనికి అనువుగా విడదీసి పెట్టారు. ప్రత్యేక సమావేశానికి కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులో రాసిన విషయం మీద తప్ప వేరే దాని మీద తుది నిర్ణయం తీసుకోకూడదు. రహస్యంగా జరిగే ఎగ్జిక్యూటివ్ సెషన్‌లోకి వెళ్లేముందు అధ్యక్షత వహించేవాళ్లు ఎందుకు వెళ్తున్నారో, ఎన్నింటికి ముగుస్తుందో అందరి ముందూ చెప్పాలి. 2022 నుంచి ఆ కారణాన్ని మినిట్స్‌లో కూడా రాయాలి. చెప్పిన టైముకంటే ముందే ముగిసినా, తలుపులు తెరిచి వెంటనే మిగతా అజెండా నడిపించకూడదు, చెప్పిన టైము దాకా ఆగాలి. జనం ఆ టైము నమ్మి బయట కాఫీకి వెళ్లి ఉండొచ్చు కదా.

ఎక్కువమంది జారిపడేది ఈమెయిల్ దగ్గర. ఏడుగురు సభ్యుల కౌన్సిల్‌లో కోరం నలుగురు. ఒకరు అందరికీ మెయిల్ పంపితే, మరో ముగ్గురు ‘రిప్లై ఆల్’ నొక్కి విషయం చర్చించడం మొదలుపెడితే, అది నోటీసు లేని సమావేశం కిందికే వస్తుంది. 2001లో బ్యాటిల్ గ్రౌండ్ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో కోర్టు ఈ సంగతి తేల్చింది. సమాచారం పంపడం తప్పు కాదు, దాని మీద చర్చ నడవడం తప్పు. తెలిసి చేసిన సభ్యుడికి మొదటిసారి 500 డాలర్లు, ఆ తర్వాత ప్రతిసారీ 1,000 డాలర్లు జరిమానా, అదీ సొంతంగా. అందుకే సమాచారం పంపే సిబ్బంది అందరి చిరునామాలూ బీసీసీలో పెట్టడం అలవాటు చేసుకోవాలి. పదవిలోకి వచ్చిన 90 రోజుల్లో ఈ చట్టం మీద శిక్షణ పూర్తి చేయడం తప్పనిసరి, అంతకంటే ముందే ఈ పేజీ చదివితే ఇంకా మేలు.

పబ్లిక్ రికార్డుల విభాగం కూడా ఇదే తీరు. అభ్యర్థన అందిన ఐదు పనిదినాల్లో ఏదో ఒక జవాబు వెళ్లాలి. రికార్డులు ఇవ్వడమో, లింకు పంపడమో, ఎంత సమయం పడుతుందో చెప్పడమో, వివరణ అడగడమో, కారణంతో నిరాకరించడమో. అందిన రోజు లెక్కలోకి రాదు. 2015లో పియర్స్ కౌంటీ మీద వచ్చిన నిస్సెన్ తీర్పు తర్వాత, సొంత ఫోన్లో పంపినా సరే, కొలువు పనికి సంబంధించిన టెక్స్ట్ మెసేజ్ పబ్లిక్ రికార్డే. ఫోన్ మార్చేటప్పుడు పాత మెసేజ్‌లు చెరిపేసే ముందు క్లర్కుని అడగాలి.

ఈ సంస్థ పేజీలు నిజంగా అక్కరకొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో, ఆస్తి పన్ను లెవీ (ఏడాదికి వసూలు చేసే పన్ను మొత్తం) పాస్ చేసేటప్పుడు. లెవీని ‘ఏటా 1 శాతం’ కంటే పెంచకూడదన్న మాట అందరి నోటా వినిపిస్తుంది కాబట్టి ఆర్డినెన్స్‌లోనూ 1 శాతం అని రాసేస్తారు. అక్కడే పేచీ. ఆర్‌సీడబ్ల్యూ 84.55.120 అడిగేది, పోయిన ఏడాది నిజంగా వేసిన లెవీ మీద పెంపు ఎంతో డాలర్లలోనూ శాతంలోనూ చెప్పమని. 1 శాతం పరిమితిని మాత్రం గతంలో వేయడానికి వీలున్న గరిష్ఠ లెవీ మీద లెక్కగడతారు. ఉదాహరణకి గరిష్ఠ లెవీ 50 లక్షల డాలర్లు, పోయిన ఏడాది నిజంగా వేసింది 48 లక్షలు అనుకుందాం. ఈసారి పూర్తిగా వేస్తే 50 లక్షల 50 వేలు, అంటే పెంపు 2 లక్షల 50 వేల డాలర్లు. ఆర్డినెన్స్‌లో రాయాల్సిన శాతం 5.21, ఒకటి కాదు. కొత్త కట్టడాల వల్ల వచ్చేది ఈ లెక్కలో కలపకూడదు. అంకె తప్పు రాస్తే కౌంటీ అసెసర్ ఆ పెంపును ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మళ్లీ సమావేశం, మళ్లీ ఓటింగ్, మీదికి ముంచుకొచ్చే నవంబరు 30 గడువు.

10,000 లేదా అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న నగరాలకు ఇంకో మెలిక ఉంది. పరిమితి 1 శాతం, లేదా ద్రవ్యోల్బణ సూచీ ఐపీడీ, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఐపీడీ 1 శాతం కంటే కిందికి దిగిన ఏడాది పూర్తి 1 శాతం కావాలంటే ‘సబ్‌స్టాన్షియల్ నీడ్’ తీర్మానం విడిగా చేయాలి. ఏడుగురి కౌన్సిల్‌లో దానికి ఐదు ఓట్లు పడాలి. ఈ వివరాలు, నమూనా లెక్కలు, తేదీలతో సహా బడ్జెట్ క్యాలెండర్, అన్నీ ఒకేచోట పెట్టారు. కొత్తగా చేరిన ఫైనాన్స్ సిబ్బంది చేతికి మొదటి రోజే ఇవ్వాల్సింది ఇదే.

‘ఆస్క్ ఎంఆర్‌ఎస్‌సీ’ అనే ప్రశ్నల సేవ అర్హత ఉన్న స్థానిక ప్రభుత్వాల అధికారులకు, సిబ్బందికి ఉచితం. అవతల చదివేవాళ్లలో న్యాయవాదులు, ఫైనాన్స్, ప్లానింగ్ కన్సల్టెంట్లు ఉంటారు. జవాబు ఎంత బాగుంటుందన్నది ప్రశ్న ఎలా రాశామన్న దాని మీద ఆధారపడుతుంది. ముందు మీ నగరం ఏ తరగతిదో రాయండి, కోడ్ సిటీ (అది ఒక నగర తరగతి) అయితే ఆర్‌సీడబ్ల్యూ 35ఏ, పట్టణమైతే 35.27. ఎన్నికైన మేయర్ పాలన నడిపే మేయర్-కౌన్సిల్ పద్ధతా, కౌన్సిల్ నియమించిన మేనేజర్ నడిపే కౌన్సిల్-మేనేజర్ పద్ధతా చెప్పండి. రెడ్‌మండ్‌లో వర్తించే జవాబు పక్కనే ఉన్న సమామిష్‌లో వర్తించకపోవడానికి ఇదే కారణం. జనాభా, గడువు తేదీ, మీరు చదివిన సెక్షన్, ఎక్కడ అర్థం కాలేదో ఒక్క వాక్యం. అంతే చాలు. పేర్లు, గొడవల చరిత్ర అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. వాళ్లు మీ నగర న్యాయవాది కారు. ఆ జవాబుకి న్యాయవాది-కక్షిదారు గోప్యత ఉండదు, మీ ఇన్‌బాక్స్‌లో ఉన్న ఆ మెయిల్ రేపు ఎవరైనా అడిగితే పబ్లిక్ రికార్డుగా బయటికి వెళ్లొచ్చు. కోర్టు కేసులు, ఉద్యోగిని తీసేయడం, స్థలం కొనుగోలు బేరాల్లాంటివి సిటీ అటార్నీ దగ్గరే మాట్లాడాలి.

నమూనా పత్రాల లైబ్రరీని నేను ఎక్కువగా వాడతాను, ఎక్కువ అనుమానంతోనూ వాడతాను. అందులో ఉన్నవి వేరే ఊళ్లు నిజంగా పాస్ చేసిన ఆర్డినెన్సులు, తీర్మానాలు, విధానాలు. పాస్ చేసిన రోజుకి సరైనవే, ఈ రోజుకి సరైనవో కావో మీరే చూసుకోవాలి. 2023లో వచ్చిన హెచ్‌బీ 1110 చట్టాన్నే తీసుకోండి. 75,000 లేదా అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న నగరాలు ఇళ్ల స్థలాల్లో ఒక్కో లాట్‌కి నాలుగు ఇళ్లకు, 25,000 నుంచి 75,000 మధ్యవి రెండిటికి అనుమతించాలి. పెద్ద రవాణా స్టాపు దగ్గర, అందుబాటు ధర ఇళ్లు కడితే ఈ సంఖ్యలు పెరుగుతాయి. 40,000 జనాభా ఉన్న ఊరు పెద్ద నగరం ఆర్డినెన్స్‌ను కాపీ కొడితే, చట్టం అడగని నాలుగు ఇళ్లూ కోడ్‌లోకి వచ్చేస్తాయి. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, తప్పేం లేదు, కానీ అది కౌన్సిల్ తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలి. పత్రం తెరవగానే నేను చూసేవి మూడు: పాసైన తేదీ, ఊరి తరగతి, అందులో ఉటంకించిన ఆర్‌సీడబ్ల్యూ సెక్షన్ తర్వాత మారిందా అన్నది. చిన్న పనుల కాంట్రాక్టుల పత్రాలైతే 2024 జూలై 1కి ముందువి వదిలేయడమే మంచిది, ఆ రోజు నుంచి స్మాల్ వర్క్స్ రోస్టర్ (చిన్న పనులకు పిలిచే కాంట్రాక్టర్ల జాబితా) నిబంధనలు మారాయి. 3,50,000 డాలర్ల పరిమితి అలాగే ఉన్నా, లోపలి పద్ధతి పాతది కాదు.

ఇక వార్తల సంగతి. ఈమెయిల్‌లో వచ్చే ఎంఆర్‌ఎస్‌సీ వార్తాలేఖ తీర్పులకు, కొత్త చట్టాల వివరణకు చాలు. శాసనసభ నడిచేటప్పుడు అది సరిపోదు. జనవరి రెండో సోమవారం మొదలై బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులు సాగే ఆ సెషన్‌లో బిల్లులు రోజుల్లో రూపు మారిపోతాయి. అప్పుడు నగరాలవాళ్లు అసోసియేషన్ ఆఫ్ వాషింగ్టన్ సిటీస్ బులెటిన్ చూడాలి, కౌంటీలవాళ్లు వాళ్ల రాష్ట్ర సంఘం ఇచ్చేవి చూడాలి. లెక్కల విషయంలో స్టేట్ ఆడిటర్ ఇచ్చే అకౌంటింగ్ మార్గదర్శి బార్స్ మాన్యువల్‌దే ఆఖరి మాట. ఏడాది ముగిసిన 150 రోజుల్లో వార్షిక నివేదిక ఆ ఆడిటర్‌కే పంపాలి. నిల్వ నిధి ఎంత ఉంచాలన్న చర్చ వస్తే ప్రభుత్వ ఫైనాన్స్ అధికారుల సంఘం జీఎఫ్‌ఓఏ సిఫారసు తీయండి, జనరల్ ఫండ్‌లో కనీసం రెండు నెలల ఆదాయమో ఖర్చో ఉండాలంటుంది.

సెషన్ ముగిసిన 90 రోజులకు గానీ మామూలు చట్టాలు అమల్లోకి రావు. ఏప్రిల్‌లో గవర్నర్ సంతకం పెట్టిన వార్త చూసి మే నెల సమావేశానికే కోడ్ మార్పు పెట్టే ముందు, అమలు తేదీ ఏదో బిల్లు చివరి సెక్షన్‌లో చూసుకోండి. అత్యవసర నిబంధన ఉంటే వెంటనే అమలవుతుంది, అక్కడ తేదీ విడిగా రాసి ఉంటే ఆ తేదీ నుంచే.