ప్యూజో 205 జీటీఐ, క్లియో ట్రోఫీ: రెండూ నడుపుతున్నవాడి మాట

మాంచెస్టర్‌లో స్థిరపడ్డాక నాకు పట్టుకున్న పిచ్చి పాత ఫ్రెంచ్ హాట్ హ్యాచ్‌లు, అంటే మామూలు చిన్న కార్లకి బలమైన ఇంజిన్ పెట్టి చేసిన వేగం కార్లు. ఇప్పుడు ఇంట్లో రెండున్నాయి: 1980ల చివరి ప్యూజో 205 జీటీఐ 1.9, 2005 నాటి రెనో క్లియో 182 ట్రోఫీ. ఏళ్ల తరబడి రెండిటినీ నడుపుతూనే ఉన్నాను. కవరు కప్పి దాచుకుని మురిసిపోవడం నా వల్ల కాదు.

కాగితం మీద పోటీయే లేదు. 205ది 1905 సీసీ ఇంజిన్, 130 హార్స్‌పవర్. ట్రోఫీది 2 లీటర్ల 16 వాల్వుల ఇంజిన్, 182 హార్స్‌పవర్. అయితే 205 బరువు 900 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది, ట్రోఫీ దాదాపు 200 కిలోలు ఎక్కువ. పైగా 205 తక్కువ ఆర్‌పీఎంలోనే లాగేస్తుంది. ట్రోఫీకి ఊపు రావాలంటే ఇంజిన్‌ని బాగా ఏడిపించాలి.

205 గురించి జనం చెప్పే భయం ఉత్తదేం కాదు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి గబుక్కున కాలు తీస్తే బరువంతా ముందుకొచ్చి, వెనక చక్రాలు తేలికైపోయి, తోక పక్కకి జారుతుంది. ఏబీఎస్ కూడా లేదు. వానలో స్నేక్ పాస్ (మాంచెస్టర్‌కి తూర్పున ఉన్న మలుపుల కొండ రోడ్డు) ఎక్కితే టెన్షనే. కానీ మలుపులోకి నెమ్మదిగా వెళ్లి, కాలు నిలకడగా ఉంచితే ఆ గుణమే మనకు పనికొస్తుంది, ముక్కు ఎటు తిప్పమంటే అటు తిరుగుతుంది. నా కారుకి పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో భుజాలు లాగేస్తాయి, కదిలాక మాత్రం రోడ్డు మీద చిన్న గరుకు కూడా చేతికి తెలుస్తుంది.

ట్రోఫీ గొప్పదనమంతా సాక్స్ కంపెనీ డ్యాంపర్లది (షాక్ అబ్జార్బర్లు). రేసు కార్లలోలా వీటికి ఆయిల్ రిజర్వాయర్ విడిగా ఉంటుంది. గతుకుల రోడ్డు మీద వేగంగా వెళ్తున్నా ఒక్కసారి ఊగి, వెంటనే సర్దుకుంటుంది. బ్రిటన్‌కి 500, స్విట్జర్లాండ్‌కి 50 మాత్రమే చేశారు. నాకు నచ్చనిది కూర్చునే తీరు. రికారో సీట్లు బాగున్నా ఎత్తు ఇంకా ఎక్కువే, స్టీరింగ్ వ్యాన్‌లో లాగా వాలి ఉంటుంది.

ఖర్చు మాటకొస్తే ట్రోఫీయే జేబుకి చిల్లు. టైమింగ్ బెల్టు 5 ఏళ్లకోసారి మార్చాలి, దానికి కామ్‌షాఫ్టులు కదలకుండా పట్టే ప్రత్యేక పనిముట్లు కావాలి. డ్యాంపర్లు బాగుచేయించడం ఇంకో పెద్ద ఖర్చు. కొందరు ఆ ఖర్చుకి జడిసి మామూలువి బిగించేసి అమ్ముతుంటారు, కాబట్టి కొనేముందు చక్రాల వెనక తొంగిచూడండి. 205 అయితే నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలి ఉంటే వెనక ఇరుసు (బీమ్) బేరింగులు అరిగిపోయినట్టే, ఆ మేరకు బేరమాడాల్సిందే.

మంచి కారు ఏదంటే ట్రోఫీ, సందేహం లేదు. ఒకటే ఉంచుకోమంటే మాత్రం 205నే ఉంచుకుంటాను. ట్రోఫీలో అసలు మజా మొదలయ్యేసరికి లైసెన్సు మీద జరిమానా పాయింట్లు పడే వేగం వచ్చేస్తుంది, 205 అదే మజాని 40 మైళ్ల వేగంలోనే ఇస్తుంది.