పడమటి బెడ్రూంకి ఐవరీనా, లేత పిస్తానా? రెండూ పూసి చూశాం
భవానీపురంలో మా ఫ్లాట్ బెడ్రూంకి పెయింట్ అనుకున్నాక ఐవరీ, లేత పిస్తా దగ్గర ఆగిపోయాం. పడమటి రూం అది, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ తిన్నగా వచ్చి ఎదురు గోడ మీద పడుద్ది, బెజవాడ ఎండ సంగతి తెలిసిందే కదా.

షేడ్ కార్డులో అగ్గిపెట్టంత ముక్క చూసి మాత్రం రంగు ఖాయం చేయొద్దండి. నాలుగు గోడలూ ఒకే రంగైతే ఒక గోడ వెలుగు ఇంకో గోడకి కొట్టి కార్డులో కన్నా ముదురుగా కనపడుద్ది. మేం శాంపిల్ డబ్బాలు తెచ్చి, లప్పం ప్రైమర్ అయిపోయిన గోడల మీద రెండేసి కోట్లు పూయించి, బాగా ఆరాకే చూశాం.

ఐవరీ పొద్దున పూట ఎంత బాగుందో, అచ్చం మీగడే. సాయంత్రం ఎండ పడేసరికి పసుపు ఎక్కేసింది, ఆ ఎండలోనే పసుపు ఉంటది మరి. రాత్రి 6500 కెల్విన్ (బల్బు వెలుగు రంగుకి కొలత అది) తెల్ల ఎల్ఈడీ వేస్తే ఆ కళంతా పోయి పాలిపోయినట్టు ఉంది, 3000 కెల్విన్ వార్మ్ బల్బు, అంటే పసుపు వెలుగుది, పెట్టాక గానీ మళ్ళీ ప్రాణం రాలేదు.

పిస్తా మబ్బు పట్టిన రోజు కాస్త డల్లే, వార్మ్ బల్బు కింద కూడా కొంచెం మురికి పసుపు కొడుద్ది. కానీ సాయంత్రం ఎండలో పచ్చదనం తగ్గి మెత్తగా కనపడుద్ది, కళ్ళకి గుచ్చుకోదు, తెల్ల లైటు కింద ఫ్రెష్‌గా ఉంటది, టేకు రంగు వార్డ్‌రోబ్ పక్కన అయితే నాకు తెగ నచ్చేసింది. చల్లగా అనిపించడం కంటికే సుమా, లోపలి గోడ రంగుతో రూం వేడి తగ్గదు, మందపాటి కర్టెన్ వేయాల్సిందే.

మా బెడ్రూంకి పిస్తానే, సీలింగ్ తెలుపు. వెలుతురు తక్కువుండే హాలుకైతే వార్మ్ లైట్లు పెట్టుకుని ఐవరీ వేయించుకోండి, అక్కడ దాన్ని మించింది లేదు.

ఫినిష్ మాత్రం మ్యాటే తీసుకోండి, షైనింగ్ రకం వేస్తే ఏటవాలు ఎండలో లప్పం పట్టించిన గీతలన్నీ బయటపడతాయి. రంగు మొత్తం ఒకేసారి కలిపించుకుని, డబ్బా మీద షేడ్ కోడ్, బేస్ (రంగు కలపక ముందు ఉండే పెయింట్) పేరు ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత టచప్‌కి అదే కావాలి.