'రన్' సంగతి తేలాలంటే: డిక్షనరీయా, థెసారసా?

'రన్' అంటే పరిగెత్తడం అని చిన్న క్లాసులోనే చెప్పేస్తారు. అసలు తిప్పలు ఆ తర్వాతే. ముక్కు కారినా రన్నే, ఎన్నికల్లో నిలబడినా రన్నే. కంపెనీ నడిపినా, మేజోళ్లలో పోగు లేచినా అదే మాట!

ఇక్కడ డిక్షనరీదే పైచేయి. అర్థాలను విడదీసి, అంకెలు వేసి, వాడుక చూపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికన్నా పొడవైన పద్దు 'సెట్'ది. తర్వాతి సవరణల్లో 'రన్' దాన్ని దాటేసింది. అంతా చదవాలంటే ఓపిక ఉండాలి మరి.

థెసారస్, అంటే దగ్గరి అర్థాలున్న మాటల్ని ఒకచోట చేర్చే పుస్తకం, దారి వేరు. పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో ప్రచురించిన థెసారస్‌లో మాటలు అక్షర క్రమంలో కాదు, భావాల వరుసలో ఉంటాయి. అర్థం మనసులో ఉండి మాట తట్టనప్పుడు ఇదే దిక్కు. చిక్కల్లా తేడాలు చెప్పకపోవడమే. 'స్ప్రింట్', 'జాగ్' పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ప్రాణం పెట్టి దూసుకుపోవడం, ఇంకొకటి కబుర్లు చెప్పుకుంటూ కూడా సాగే నెమ్మది పరుగు. దొంగ 'జాగ్' చేస్తూ పారిపోయాడని రాస్తే నవ్వరూ?

నా మటుకు థెసారస్‌లో మాట ఏరుకుని, డిక్షనరీలో వాక్యం చూశాకే వాడతాను. పరీక్ష టెన్షన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం డిక్షనరీ ఒక్కటి చాలు.